తప్పుల్లేని వీలునామా

సోమయాజులుగారింట్లో గీజరు వేస్తే వంటింటి కుళాయిలో వేడినీళ్లొస్తాయి. స్నానాల గదిలో మాత్రం చన్నీళ్లే. పదకొండేళ్ల కిందట ఆ గీజరు బిగించింది సోమయాజులుగారే. ప్లంబరుని పిలుద్దామని భార్య వసుమతి అన్నప్పుడల్లా, వంటింట్లో వేడినీళ్లుంటే గిన్నెలకి ఎంత సుఖమో ఆయన విడమరిచి చెబుతారు. చెప్పి ఊరుకోరు, పాపం. రోజూ పొద్దున్నే వంటింట్లో బకెట్టు నింపి, ఆవిడ స్నానానికి స్వయంగా మోసుకెళ్లి పెడతారు. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఆ బకెట్టు ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఇంటి పనికి బయటి మనిషిని పిలవకపోవడం ఆయన పట్టిన వ్రతం. ఫ్యూజులు, పంపులు, కుట్టుమిషను, జలుబులు, అన్నీ ఆయనే బాగుచేస్తారు. కొడుకు గౌతమ్‌కి పదో తరగతి దాకా క్షవరం కూడా ఆయనే చేశారు. ఆనాటి ఫొటోలు గౌతమ్ ఇప్పటికీ తన పిల్లలకి చూపించడు. ఈ విద్యలన్నిటికీ ఆయన గురువులు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదే దొరికారు. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి కదా, వాటి మెట్ల మీదా ముందరి నేల మీదా పాత పుస్తకాలు పరుస్తారు. హనుమాన్ టేక్డీలోని తమ ఫ్లాటు నుంచి ఆయన నడిచి వెళ్లి, ఎండ నడినెత్తికొచ్చేదాకా గొంతుక్కూర్చుని, చంకలో ఒక పుస్తకంతో తిరిగొస్తారు. హోమియోపతి వచ్చిన ఆదివారం ఇంటిల్లిపాదీ తియ్యటి మాత్రలు మింగారు. వైరింగు వచ్చిన ఆదివారం ఇంట్లో కొవ్వొత్తులు వెలిగాయి.

మొన్న వైశాఖంలో ఒక ఆదివారం, అట్ట ఊడిపోయిన దస్తావేజు నమూనాల పుస్తకం వచ్చింది. అద్దె పత్రం, దానపత్రం, భాగపరిష్కారం, అన్నిటికీ అందులో నమూనాలున్నాయి. ఆయన మాత్రం ఆ పుస్తకం కొన్నది నూట పన్నెండో పేజీ కోసం. ఆ పేజీలో వీలునామా ఉంది.

దానికో కారణం ఉంది. అంతకు పది రోజుల ముందు, ప్రెస్సులో తనతో పనిచేసిన స్నేహితుడొకాయన పోతే పన్నెండో రోజు భోజనానికి వెళ్లారు. వడ్డన జరుగుతుండగానే పక్కగదిలో ఆ స్నేహితుడి కొడుకులిద్దరూ నెలలు పంచుకుంటున్నారు. అమ్మ దసరా దాకా నీ దగ్గర, ఆ తర్వాత నా దగ్గర అని. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. పాలవాడి ఖాతా మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకున్నారు. ఆ తల్లి మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. సోమయాజులుగారికి విస్తట్లో చెయ్యి కదల్లేదు.

ఆయనకి తల్లి సుబ్బరత్నం గుర్తొచ్చింది. తండ్రి పోయాక ఆవిడ ముగ్గురు కొడుకుల దగ్గరా నాలుగేసి నెలలు గడిపింది. ఆకుపచ్చ రేకుపెట్టె ఒకటి పట్టుకుని ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి మారేది. ఎక్కడికి వెళ్లినా పెట్టెలోంచి రెండు చీరలే బయటికి తీసేది. మిగతావి కూడా తీసి అలమరలో పెట్టుకోవచ్చు కదమ్మా అని సోమయాజులుగారు ఒకసారి అడిగితే, "మళ్లీ సర్దుకోవాలిగా నాయనా" అంది. ఆ మాట ఆయన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. తన తర్వాత వసుమతి అలా పెట్టె సర్దుకోకూడదు. ఎవరి గుమ్మంలోనూ ఒదిగి ఒదిగి నడవకూడదు. ఆయన పట్టుదలంతా అదే. గౌతమ్, నాగవల్లి ఇద్దరూ మంచి పిల్లలే. అయితే తామూ ఒకప్పుడు మంచి కొడుకులమే కదా అని ఆయనకి తెలుసు.

వీలునామా రాయడం మొదలైంది. సోమయాజులుగారు నాంపల్లిలో ఒక ప్రెస్సులో ముప్పై నాలుగేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి. ఆయన కన్ను దాటి ఒక్క అచ్చుతప్పు బయటికి పోలేదని ప్రెస్సులో చెప్పుకునేవారు, అందులో ఆయన చెప్పుకున్నదే ఎక్కువనుకోండి. తొమ్మిది చిత్తుప్రతులు రాశారు. ప్రతిదాన్నీ ఎర్రసిరాతో దిద్దారు. పదోది గీతల కాగితం మీద నల్లసిరాతో, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా దించారు. నా స్వార్జితమైన ఈ ఇంటియందు నా తదనంతరం నా భార్య వసుమతి జీవించియున్నంత కాలము నివసించుటకు హక్కు కలిగియుండును అని అందులో ముఖ్యమైన వాక్యం. ఆవిడ తర్వాత ఇల్లు పిల్లలిద్దరికీ చెరిసగం.

శుక్రవారం సాయంత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న భార్యకి దాన్ని చదివి వినిపించారు. ముఖ్యమైన వాక్యాన్ని రెండుసార్లు చదివారు కూడా. వసుమతి చేతిలో పని ఆపి మొత్తం విన్నది. చాలా బాగుందని, ఎవరైనా లాయరుకి ఒకసారి చూపిస్తే ఇంకా బాగుంటుందని అంది.

అంతే, ఆయన మూతి ముడుచుకున్నారు. తన రాతలో తప్పులు వెతకడానికి నల్లకోటు కావాలా అన్నారు. వాళ్లు కూడా ఈ పుస్తకంలోంచే దించి ఇస్తారన్నారు. తాను జీవితంలో డాక్టర్ల దగ్గరికైనా వెళ్లాను గానీ లాయర్ల గడప తొక్కలేదన్నారు.

"గీజరైతే ఇద్దరం సర్దుకుపోయామండీ," అంది వసుమతి, మళ్లీ చిక్కుడుకాయ అందుకుంటూ. "వీలునామా పని చేసేనాటికి మీరుండరు కదా, బకెట్టు మోయడానికి."

ఆ రాత్రి ఆయన పెరుగన్నం తినలేదు. అలిగారన్నమాట. వసుమతి గిన్నె మీద మూత పెట్టి, ఆయనకి వినపడేలా గిన్నె ఫ్రిజ్‌లో ఉందని గోడలకి చెప్పి, పడుకుంది. తెల్లారి చూస్తే గిన్నె ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది.

వీలునామాకి ఇద్దరు సాక్షులు కావాలి. రెండోవారు ఇరుగుపొరుగులో దొరుకుతారు, మొదటి సాక్షి గురించి ఆయనకి దిగులే లేదు. రాజయ్య ఉన్నాడు. రాజయ్యది జనగామ వైపు పల్లె. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లుగా సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ మొజంజాహీ మార్కెట్ దగ్గర కలిసి చాయ్ తాగుతారు. ఒకరి మాట యాసని ఒకరు వెక్కిరించుకోవడం చాయ్‌తో పాటు బిస్కెట్టు. శనివారం సోమయాజులుగారు కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, బల్ల మీద తడి తుడిచి, మిత్రుడి ముందు పరిచారు. రాజయ్య చదివాడు, మెచ్చుకున్నాడు. కలం మాత్రం ముట్టుకోలేదు.

"సారూ, మీ అక్షరాలు శానా మంచిగున్నయి. గని అక్షరాలు చూసి సంతకం పెట్టద్దని కోర్టు నాకు పదకొండేండ్లు నేర్పింది," అన్నాడు. ఆ కథ సోమయాజులుగారికి తెలుసు. బామ్మర్ది తెచ్చిన ఏదో కాగితం మీద చదవకుండా సాక్షి సంతకం పెట్టి, పదకొండేళ్లు నాంపల్లి కోర్టు మెట్లెక్కి దిగాడు రాజయ్య. "మా తమ్ముని బిడ్డ స్నేహలత గీడనే నాంపల్లిల ప్రాక్టీసు చేస్తున్నది. జర ఆమెకు సూపెట్టున్రి. ఆమె సరే అన్నదంటే నేను కండ్లు మూసుకొని పెడుత."

సోమయాజులుగారికి ఇంట్లో ఒక దెబ్బ, బజార్లో ఒక దెబ్బ. ఆ సాయంత్రం చాయ్ సగంలో వదిలేసి లేచారు. పోస్టాఫీసు దాకా విసురుగా నడిచి, అక్కడ ఆగి ఆలోచించి, వెనక్కి వచ్చి సరేనన్నారు. తన కాగితంలో తప్పు లేదని ఒక లాయరు నోటితోనే అనిపించి, ఆ మాట ఇంట్లో ఒకరికీ ఇక్కడ ఒకరికీ వినిపించాలన్నది ఆయన పంతం. రాజయ్య అప్పటికప్పుడే ఫోను చేశాడు. ఇంటి కాగితాలు తెమ్మనీ, ఆంటీని కూడా తీసుకురమ్మనీ స్నేహలత చెప్పింది.

సోమవారం పొద్దున ఆయన మంచం కిందనుంచి తల్లి ఆకుపచ్చ రేకుపెట్టె లాగారు. ఇప్పుడందులో ఉండేవి ఇంటి కాగితాలే. గుడ్డలో చుట్టి దారం కట్టిన కట్టని విప్పకుండానే సంచిలో పెట్టుకున్నారు. విప్పి చూడాల్సిన పనేముంది? ఇంటి నంబరు, హద్దులు, రిజిస్ట్రేషను తేదీ, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

స్నేహలత ఆఫీసు కోర్టుల వెనక సందులో, ఒక జిరాక్సు దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. ముప్పై ఏళ్లు దాటినట్టు లేదు ఆ అమ్మాయికి. కుర్చీలు తుడిచి దంపతులిద్దర్నీ కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. రాజయ్య కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. స్నేహలత వీలునామా రెండుసార్లు చదివింది. సోమయాజులుగారు, పరీక్ష ఫలితం ముందే తెలిసిన కుర్రాడిలా, పైకి ఏమీ ఎరగనట్టు ఫ్యాను వంక చూస్తున్నారు.

"అంకుల్, గిట్ల నీట్‌గా రాసిన వీలునామా నేనింతవరకు చూడలే. ఒక్క తప్పు లేదు," అంది స్నేహలత.

ఆయన మొదట భార్య వైపు చూశారు, తర్వాత రాజయ్య వైపు. ఆ చూపులో ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఉంది.

స్నేహలత కట్ట విప్పింది. క్రయపత్రం మొదటి పేజీ తిప్పి, రెండో పేజీలో వేలు పెట్టి ఆగింది. ఏదో అనబోయి, వసుమతి ముఖం వైపు చూసి, కాగితాన్ని మెల్లిగా ఆయన ముందుకి జరిపింది. కొన్నవారు అన్నచోట, పాత టైపు అక్షరాల్లో, శ్రీమతి వసుమతి, భర్త సోమయాజులు అని ఉంది.

ఆ సంగతి ఆయనకి తెలియదని కాదు. ఎనభై ఏడులో స్వయంగా రాయించిన కాగితమే అది. ఏటా ఇంటిపన్ను రసీదు వసుమతి పేరునే వస్తుంది, ఆయనే కట్టి ఆయనే ఫైల్లో పెడతారు. ఇంతకాలం ఆ పేరు చూసినప్పుడల్లా ఆయనకి తన పేరే చదివినట్టుండేది. పెళ్లాం పేరున ఉన్నది తనది కాదని ఆయన ఊహకి ఎన్నడూ తట్టలేదు, వాళ్లుండే సందులో ఏ మొగుడికీ తట్టి ఉండదు. ప్రెస్సులో ప్రతి అక్షరాన్నీ అనుమానించిన మనిషి, తన ఇంటి కాగితంలో ఒక పేరుని ముప్పై ఎనిమిదేళ్లు చూసుకోకుండా దాటేశారు.

డబ్బు తాను కట్టానని ఆయన అన్నారు.

"మీరే కట్టిన్రు, నేను కాదంటలేను. భార్య పేరు మీద కొంటే ఆమె కోసమే కొన్నరని చట్టం నమ్ముతది అంకుల్. అట్ల కాదంటే కాదన్నోళ్లే రుజువు తేవాలె." స్నేహలత వీలునామా మీద చెయ్యి పెట్టింది. "ఆ రుజువు ఇగో, మీరే రాసి తెచ్చిన్రు."

ఆ తర్వాత ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఇల్లు ఈరోజు పూర్తిగా ఆంటీది. అమ్ముకోవచ్చు, ఇవ్వచ్చు, పొమ్మని ఎవరూ అనలేరు. ఈ కాగితంలో మాత్రం ఇల్లు తన స్వార్జితమనీ, ఆంటీకి ఉన్నంతకాలం ఉండే హక్కు మాత్రమేననీ ఆయన చేతిరాతలో, ఆయన సంతకంతో ఉంది. పిల్లలు మంచివాళ్లే కావచ్చు. వాళ్లకి కాకపోతే ఇంకెవరికో, ఎప్పుడో ఒకనాడు ఈ కాగితం పనికొస్తుంది. ఇంటావిడని పట్టుకుని మీకిక్కడ ఉండే హక్కే గానీ ఇల్లు మీది కాదు అనడానికి పనికొస్తుంది.

సోమయాజులుగారు వీలునామాని తనవైపు లాక్కున్నారు. పెట్టె సర్దుకోవాల్సిన అవసరం రాకూడదని రాసిన కాగితంతో, తానే పెట్టె తెచ్చి భార్య ముందు పెట్టారు. ఆవిడ ముఖంలోకి చూడటానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

"నీకు తెలుసా వసూ?" అని అడిగారు, బల్లకేసి చూస్తూ.

తెలుసంది. చదివి వినిపించిన రోజే చెప్పచ్చు కదా అన్నారాయన.

"మీరంత ప్రేమగా రాసుకొచ్చి చదువుతుంటే చేతిలో కాగితం ఎలా లాక్కోను? అయినా నేను చెబితే వినేవారా? అందుకే లాయరన్నాను." ఆవిడే మళ్లీ అంది: "ఆ ఇల్లు నా పేరున పెట్టమని మీకెవరు చెప్పారో గుర్తుందా?"

గుర్తుంది. అమ్మ చెప్పింది. ఆ ఏడు వేసవిలో సుబ్బరత్నం వీళ్ల వంతులో ఉంది. రిజిస్ట్రేషనుకి వెళ్లేముందు రోజు కొడుకుని పిలిచి, ఆ పిల్ల పేరున పెట్టరా, కలిసొస్తుంది అంది. నక్షత్రబలం సంగతనుకుని ఆయన సరేనన్నారు. జాతకాల మీద ఆయనకి నమ్మకం లేదు, అమ్మ మాట మీద ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో రెండేళ్ల నాగవల్లిని చంకనేసుకుని వసుమతి సంతకాలు పెట్టింది. అందరూ వచ్చేదారిలో మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తిన్నారు.

"జాతకం లేదు, ఏం లేదు," అంది వసుమతి. "ఆ రాత్రి నాతో చెప్పారావిడ. నా పేరున గజం నేల ఉండి ఉంటే ఈ పెట్టె కొనుక్కునేదాన్ని కాదమ్మా అన్నారు. తర్వాత మన వంతు నెలలు అయిపోయి మీ అన్నయ్యగారు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు, నేను వంటింట్లోకి పిలిచి చెప్పాను. ఈ ఇల్లు నాదైతే మీరు నా మాట వినాలి, చీరలన్నీ తీసి అలమరలో పెట్టండి అన్నాను. పెట్టేశారు. ఖాళీ పెట్టె కాయితాలకి ఉంచుకోమన్నారు."

అమ్మ చివరి మూడేళ్లూ తమ దగ్గరే ఉండిపోవడానికి ఆవిడ మోకాళ్ల నొప్పులే కారణమని సోమయాజులుగారు ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. ఆ నొప్పులకి తానిచ్చిన హోమియో మాత్రలు కూడా కొంత కారణమని లోపల్లోపల గర్వపడేవారు. అమ్మ వెళ్లకుండా ఆపింది ఆ కాగితం మీది పేరు. ఆ పేరున్న మనిషి నలభై ఆరేళ్లుగా ఆయన పక్కనే ఉండి, ఒక్కనాడైనా ఇది నా ఇల్లని ఆయనతో అనలేదు. ఆయనకి భార్య మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, ముందున్న గ్లాసెత్తి నీళ్లన్నీ తాగేసి, అవి ఆవిడ నీళ్లని తర్వాత గమనించారు.

జేబులోంచి ఎర్రసిరా కలం తీశారు. పదో ప్రతి మీద, పై మూల నుంచి కింది మూల దాకా ఒక గీత గీసి, మార్జిన్లో ప్రూఫురీడర్లు తీసివేతకి పెట్టే చుట్ట గుర్తు పెట్టారు. తర్వాత ఇప్పుడేం చెయ్యాలని స్నేహలతని అడిగారు. జీవితంలో మొదటిసారి ఒక నల్లకోటుని సలహా అడిగారు, ఆ మాట రాజయ్య తర్వాత చాలా చాయ్‌ల మీద గుర్తుచేశాడు.

వీలునామా రాయాలంటే ఆంటీయే రాయాలి, ఆమెకి ఇష్టమైతేనే, అంది స్నేహలత. వసుమతి ఇష్టమేనంది.

"నాకు రాయడం చేతకాదమ్మా. ఆయన దస్తూరీ బాగుంటుంది, ఆయన రాస్తారు. రాసింది నువ్వు చూడు. నువ్వు చూడందే నేను సంతకం పెట్టను." ఆపైన మొగుడివైపు తిరిగి, ఇల్లు తనదే కాబట్టి రేపు ప్లంబరుని కూడా పిలుస్తానని నెమ్మదిగా చేర్చింది. ఆయన బుద్ధిగా తలూపారు.

స్నేహలత తెల్లకాగితాలిచ్చింది. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, నల్లసిరా కలం తీశారు. వసుమతి చెప్పింది, ఆయన రాశారు. ఇల్లు తన తర్వాత గౌతమ్‌కీ నాగవల్లికీ చెరిసగమని చెప్పింది. అక్కడితో అయిపోయిందనుకుని ఆయన చుక్క పెట్టబోతే, ఆగమంది.

"తానే ముందు పోతే, ఆయన ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉంటారని రాయండి," అంది. తన గురించి, ఎవరో పరాయి మనిషి గురించి చెప్పినట్టు చెబుతోంది, కళ్లు కిటికీ వైపున్నాయి. "ఏ గది కావాలంటే ఆ గదిలో. ఆదివారం పుస్తకాలు కొనితెచ్చుకుంటే ఎవరూ కసురుకోకూడదు. ఆయన్ని పెట్టె సర్దుకోమని ఎవరూ అనకూడదు."

కలం ఆగిపోయింది. కిందనుంచి జిరాక్సు మిషను చప్పుడు వినిపిస్తోంది. నివాస హక్కు అని చట్టం భాషలో తాను వేరే రాసి ఇస్తానని స్నేహలత అంది, ఆ చివరి మాట మాత్రం ఆంటీ చెప్పినట్టే ఉండనిమ్మంది. రాజయ్య స్టూలు మీంచి లేచి, సాక్షి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నాడు.

సోమయాజులుగారు ఆ వాక్యం రాశారు. చాలాసేపు పట్టింది. రాశాక, అలవాటుగా మొదటి నుంచి దిద్దుకోవడానికి కాగితం దగ్గరికి తీసుకున్నారు. కాసేపు అలాగే పట్టుకుని, స్నేహలత వైపు జరిపారు.

"నువ్వే చూడమ్మా," అన్నారు. "నాకు అక్షరాలు కనపడటం లేదు."